జీరో బల్బు లెక్క

మా ఊరి ఇంట్లో కరెంటు మీటరు వీధి వసారాలో, గుమ్మానికి ఎడమ పక్కన, ఒక టేకు చెక్క మీద బిగించి ఉండేది. నల్లటి పెట్టె, దాని ముందు గాజు పలక, ఆ గాజు వెనుక అడ్డంగా తిరిగే అల్యూమినియం చక్రం, చక్రం అంచున ఒకచోట వేసిన నల్ల గీత. తెనాలికి అయిదు మైళ్ళ దూరంలో, కాలువ గట్టున ఉన్న ఆ ఊళ్ళో మా ఇంటికి కరెంటు వచ్చింది 1974లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు. నాలుగు బల్బులు, ఒక రేడియో, రెండేళ్ళు తిరిగాక ఒక ఫ్యాను, అంతే మా కరెంటు సంసారం. తోటి పిల్లలంతా స్విచ్చి నొక్కగానే వెలిగే బల్బును చూసి మురిసిపోతుంటే, నేను వసారాలో ముక్కాలిపీట వేసుకుని, దాని మీదికెక్కి, ఆ నల్ల గీత ఎప్పుడు కనబడుతుందా, మళ్ళీ ఎప్పుడు చాటుకు పోతుందా అని చూస్తూ నిలబడేదాన్ని.

నాన్న రైసు మిల్లులో గుమాస్తా. బస్తాల లెక్క, కూలీల లెక్క, నూకల లెక్క, తవుడు లెక్క పగలంతా రాసి వచ్చిన మనిషికి ఇంట్లో కూడా ఏదో ఒక లెక్క రాయనిదే తోచేది కాదు. మిల్లులో ఏడాది చివర ఖాతా పుస్తకాలు మూసేటప్పుడు వెనుక మిగిలిపోయే తెల్ల కాగితాలను యజమానిని అడిగి తెచ్చుకుని, మధ్యకు మడిచి, దబ్బనంతో కుట్టి పుస్తకాలు చేసేవారు. మా బడి పుస్తకాలు అవే, ఇంటి జమాఖర్చు పుస్తకం అదే. కరెంటు కోసం విడిగా ఒకటి కుట్టి, స్కేలు పెట్టి అయిదు గళ్ళు గీశారు: తేదీ, మీటరు రీడింగు, వాడిన యూనిట్లు, కట్టిన డబ్బు, కారణం. ప్రతి నెల ఒకటో తేదీన, స్నానానికి ముందే, కళ్ళజోడు పెట్టుకుని మీటరు ముందు నిలబడి అంకెలు చదివేవారు. నేను రాసేదాన్ని.

ఆ చివరి గడి ఎందుకో అప్పట్లో నాకు తెలియదు. మామూలు నెలల్లో అది ఖాళీగానే ఉండేది. యూనిట్లు పెరిగినా తగ్గినా మాత్రం అందులో ఒక మాట పడేది. 'సంక్రాంతి, చుట్టాలు' అని ఒక జనవరిలో ఉంది. 'పెద్దమ్మాయి పురుడు, ఫ్యాను రాత్రంతా' అని ఒక మే నెలలో ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన తుఫానుకు మా వైపున కూడా స్తంభాలు పడిపోయి, నెల దాటినా కరెంటు రాలేదు. ఆ డిసెంబరు లెక్కకు ఎదురుగా యూనిట్ల గడిలో సున్నా, కారణం గడిలో 'తుఫాను' అని ఉంది. కొన్ని దశాబ్దాల ఆ పుస్తకాల్లో సున్నా కనబడేది ఆ ఒక్క వరుసలోనే.

జీరో బల్బు సంగతి దానికి ఏడాది ముందుది. రాత్రుళ్ళు పిల్లలు లేచినప్పుడు చీకట్లో తడుముకుంటున్నారని, పడకగదిలో ఒక చిన్న నీలం బల్బు పెట్టించమని అమ్మ నాన్నను అడిగింది. పక్కింటి మామయ్య అది విని, 'దానికేముంది అన్నయ్యా, జీరో బల్బు. అది కరెంటు తాగదు, మీటరే తిరగదు, రాత్రంతా వేసుకోండి' అన్నారు. ఊళ్ళో అందరి నమ్మకమూ అదే. పేరులోనే సున్నా ఉన్నాక అనుమానం ఎవరికి వస్తుంది? నాన్న అవుననలేదు, కాదనలేదు. తెనాలి నుంచి జీరో బల్బుతో పాటు మిల్లు గోదాములోంచి ఒక 100 వాట్ల బల్బును కూడా ఒక్క రాత్రికి అడిగి తెచ్చారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో దీపాలన్నీ ఆర్పించి, రేడియో కట్టించి, మీటరు ముందు పీట వేయించారు. చేతిలో బ్యాటరీ లైటు, మణికట్టుకు హెచ్ఎంటీ గడియారం. గాజు కింద ఉన్న రేకు మీద చిన్న అక్షరాలతో 600 చుట్లకు ఒక యూనిట్ అని రాసి ఉందని అప్పుడే నాకు చూపించారు. ముందు 100 వాట్ల బల్బు వేయించారు. నల్ల గీత కనబడ్డ క్షణం నుంచి మళ్ళీ కనబడేదాకా సరిగ్గా ఒక నిమిషం. దాన్ని తీసి మా 60 వాట్ల బల్బు పెట్టిస్తే 100 సెకన్లు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి నేను చూస్తున్న ఆ చక్రం ఊరికే తిరగడం లేదని, అది మా ఇంట్లో జరిగే ప్రతి పనికీ ఒక వేగంతో జవాబు చెబుతోందని నాకు ఆ క్షణంలో అర్థమైంది. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

తరువాత జీరో బల్బు. చక్రం ఆగిపోయినట్లే కనబడింది. మామయ్య చెప్పిందే నిజమనుకుని నేను పీట దిగబోతే నాన్న భుజం మీద చెయ్యి వేసి ఆపారు. 'ఉండమ్మాయ్. తొందరపడమాక. గీత జరుగుతోంది, చూడు' అన్నారు. నిజంగానే జరుగుతోంది, తమలపాకు తొడిమంత దూరం జరగడానికి చాలాసేపు పడుతోంది. అమ్మ నడవాలో చీకట్లో కూర్చుని, 'ఇంక పడుకోరా ఏంది' అని రెండుసార్లు అడిగింది. ఆరు నిమిషాలు దాటాయి. ఏడో నిమిషం నిండక ముందే గీత మళ్ళీ గాజు మధ్యకు వచ్చింది. నాన్న అక్కడే వేళ్ళ మీద లెక్క కట్టారు. 'పదిహేను వాట్లు ఇది. జీరో కాదు. రాత్రికి పది గంటలు వేస్తే నెలకు నాలుగున్నర యూనిట్లు.' అప్పట్లో మేము చలికాలంలో నెల మొత్తానికి కాల్చేది 18 యూనిట్లు. అందులో నాలుగో వంతు ఈ ఒక్క సున్నాకు పోతుందన్నమాట.

బల్బు తీసేస్తారేమోనని నేను అమ్మ వైపు చూశాను. నాన్న తీయలేదు. 'పిల్లలు పడి పళ్ళు రాలగొట్టుకుంటే అంతకంటే ఎక్కువవుద్ది. ఉండనీ. కానీ ఉచితం అనుకోవద్దు' అని, మరుసటి నెల పుస్తకంలో కారణం గడిలో 'రాత్రి దీపం' అని రాయించారు. పిసినారి అని ఊళ్ళో కొందరు ఆయన్ను అనేవారు. అది సరైన మాట కాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. పెళ్ళికి, పురుడుకు, వైద్యానికి ఆయన వెనుకాడింది ఎన్నడూ లేదు. తెలియకుండా పోయేదాన్ని మాత్రం పోనిచ్చేవారు కాదు.

కరెంటు లెక్క నాన్నదైతే, పొయ్యి లెక్క, పొయ్యి తరువాతి లెక్క అమ్మవి. ఆమె మూడో తరగతి దాకానే చదివింది. అంకెలు వచ్చు, అక్షరాలు కూడబలుక్కుని చదివేది. అయినా ఆమె వంటింట్లో ఏ వేడీ ఊరికే పోయేది కాదు. మిల్లు పక్కనే ఉన్న కర్రకోత మిల్లులో రంపప్పొట్టు దొరికేది. రేకుతో చేసిన పొట్టు పొయ్యిలో మధ్యన తడిపిన సీసాను నిలబెట్టి, అడుగున పక్క రంధ్రంలోంచి సీసాకు తగిలేలా ఒక గుండ్రటి కర్రను దూర్చి, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో గట్టిగా కూరేది. కూరడం అయ్యాక సీసాను, కర్రను మెల్లగా తిప్పుతూ లాగితే లోపల గాలి ఆడే దారి ఏర్పడేది. ఆ లాగడంలో చెయ్యి వణికిందా, పొట్టు కూలిపోయి మళ్ళీ మొదటి నుంచి కూరాల్సిందే. అడుగున నిప్పంటిస్తే రెండు గంటలసేపు ఊదనక్కరలేకుండా మండేది. మంట జోరుగా ఉన్నప్పుడు అన్నం, కొంచెం నెమ్మదించాక ముందే నానబెట్టిన కందిపప్పు, ఆ తరువాత కూర, చివర్న నిప్పు నివురుగప్పాక నీళ్ళ గిన్నె. ఆ వరుస ఎప్పుడూ తప్పేది కాదు. పాలకైతే పెరట్లో దాలి గుంట. పొద్దున పిడకలు రాజేసి కుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీద వేలి మందాన మీగడ కట్టేది.

ఇక చెత్త అనే మాట మా ఇంట్లో వాకిలి ఊడ్చినప్పుడు వచ్చే దుమ్ముకే వాడేవాళ్ళం. గేదెల చావిడి పక్కన కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలకు పెట్టగా మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు, పిల్లలు కంచంలో వదిలిన మెతుకులు అన్నీ అందులోకే. అమ్మ దానిలో మిల్లు నుంచి వచ్చిన తవుడు దోసెడు, కాస్త చెక్క కలిపి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలియబెట్టి గేదె ముందు పెట్టేది. గేదె మూతిని కళ్ళ దాకా ముంచి, ఒక్క గుక్కలో సగం గోలెం తాగి, తల ఎత్తి బుస్సుమని ఊపిరి వదిలేది. ఆ పేడే గోడ మీద పిడక, ఆ పిడకే దాలిలో నిప్పు, ఆ నిప్పే బూడిద, ఆ బూడిదే కొబ్బరి పీచుతో గిన్నెలు తోమడానికి, మిగిలితే వంగ మొక్కల ఆకుల మీద చల్లడానికి. వీధిలోకి పోయేది దాదాపు ఏమీ ఉండేది కాదు. పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి బొంత కుట్టేది. బొంత కూడా చిరిగితే అది చావిట్లో దూడ కిందికి చేరేది. బిందెకు చిల్లి పడితే మాట్లు వేసేవాడు వచ్చేదాకా ఆ బిందె ధాన్యం కొలవడానికి పనికొచ్చేది.

ఈ జ్ఞాపకాలు రాసేటప్పుడు ఒక మాట దాచకూడదు. ఆ పొయ్యిల ముందు అమ్మ ముప్పై ఏళ్ళు పొగ మింగింది. వానాకాలంలో పొట్టు తడిసిన రోజున ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. దగ్గు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దొడ్లోకి వెళ్ళి దగ్గి వచ్చేది. ఆమె పొదుపును తలుచుకుని ఆనందించే హక్కు మాకుంది గానీ, ఆ పొగను కూడా తీపి జ్ఞాపకాల్లో కలిపేసే హక్కు మాకు లేదు. అందుకే 1988లో అన్నయ్య ఉద్యోగంలో చేరి గ్యాసు కనెక్షను తెచ్చిన రోజు మా ఇంట్లో నిజమైన పండుగ. మొదట పాలు పొంగించి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మ ఆ స్టవ్ ముందు ఊదుగొట్టం లేకుండా ఊరికే నిలబడింది, చేతులు ఏం చేయాలో తెలియనట్లు. ఆ సాయంత్రమే గోడకున్న కేలెండరు మీద, సిలిండరు బిగించిన తేదీ చుట్టూ బొగ్గు ముక్కతో సున్నా చుట్టింది. ఆమె లెక్క మళ్ళీ మొదలైంది.

నాకు 1986లో పెళ్ళయి విజయవాడ వచ్చాను. 1997లో ఫ్లాటు కొనుక్కున్నాము. ఫ్రిజ్ వచ్చింది, వాషింగ్ మెషీన్ వచ్చింది, గీజరు వచ్చింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఏసీ వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడు దాని ధర గురించి నెల రోజులు మాట్లాడుకున్నాము తప్ప, అది నెలకు ఎంత కాలుస్తుందని ఒక్కరోజు కూడా అడగలేదు.

2000 ఆగస్టులో నాన్న శుక్లాల ఆపరేషను కోసం మా ఇంటికి వచ్చారు. కంటికి కట్టు ఉండడం వల్ల పేపరు నేనే చదివి వినిపించేదాన్ని. విద్యుత్ బోర్డు అంతకు ముందటి ఏడాదే విడిపోయి, ఛార్జీలు బాగా పెరిగి, ఊరూరా నిరసనలు జరుగుతున్న రోజులవి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఆ పెంపుకు వ్యతిరేకంగా వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారని, మనుషులు చనిపోయారని మరుసటి రోజు పేపర్లో చదివాను. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, 'తల్లీ, మీ మీటరు ఎక్కడుంది?' అని అడిగారు. నాకు తెలియదు. మూడేళ్ళుగా ఉంటున్న ఇంటి మీటరు ఎక్కడుందో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. సెల్లారులో, మెట్ల కింద, ఇరవై మీటర్లు వరుసగా ఉన్న చెక్క మీద మాది పదకొండోది. నాన్న ఒక కన్నుతోనే దాన్ని చూస్తానని పట్టుబట్టి మెట్లు దిగారు. దుమ్ము పట్టిన గాజును పంచె కొంగుతో తుడిచి, చక్రం తిరగడం చూసి, 'బాగానే పరుగెత్తుతోంది' అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. అయినా ఆ తరువాత కూడా నేను ఆ మెట్లు దిగింది లేదు.

ఆయన 2003లో పోయారు. పుస్తకం ఆగిపోతుందనుకున్నాము. ఆ ఏడాది దసరాకు ఊరికి వెళ్ళి తీసి చూస్తే, ఆయన చేతిరాత ఆగిన చోటు కింద అమ్మ అంకెలు ఉన్నాయి. గుండ్రంగా, పెద్దవిగా, గడి గీతలు దాటి పోతున్న అంకెలు. కారణం గడిలో ఆమె మాటలు రాయలేక చిన్న బొమ్మలు వేసింది: వేసవిలో ఫ్యాను రెక్కలు మూడు, మా పిల్లలు వచ్చి వెళ్ళిన నెలలో రెండు చిన్న మనుషులు. 2014 చివర గుంటూరు జిల్లాలో పాత బల్బులు తీసుకుని ఎల్ఈడీ బల్బులు ఇచ్చినప్పుడు, ఆమె తన రెండు 60 వాట్ల బల్బులను పాత చీర ముక్కలో మూటకట్టి, ఒక్కో బల్బుకు 10 రూపాయల చొప్పున చెల్లించి కొత్తవి తెచ్చుకుంది. పది వాట్లయినా లేని ఆ దీపం గది నిండా తెల్లగా వెలుగుతుంటే నాకు ఫోను చేసి, 'మీ నాన్న ఉంటే పీట వేసుకుని కూర్చునేవాడు' అంది. ఆమె చివరి వరుస 2016 ఫిబ్రవరిది. ఆ పుస్తకం నాతో విజయవాడ వచ్చి, ఆరేళ్ళు బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

2022 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు ఛార్జీలు మారాయి. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. అదే మే నెలలో గ్యాసు సిలిండరు వెయ్యి రూపాయలు దాటింది. మావారు పదవీ విరమణ చేసి ఏడాది. మే నెల బిల్లులో 408 యూనిట్లు చూసి ఆయన మొహం మాడిపోయింది. కరెంటు ఖర్చే 2,626 రూపాయలు, స్థిర ఛార్జీలు, సుంకం వేరు. రాత్రి నేను కాగితం మీద మెట్టు మెట్టుగా విడదీసి చూశాను. మొదటి 225 యూనిట్లకు పడింది 1,017 రూపాయలు. మిగిలిన 183 యూనిట్లకు పడింది 1,609. పై మెట్టు మీది ఒక్కో యూనిట్ అడుగు మెట్టు మీది యూనిట్‌కు నాలుగు రెట్లకు పైగా ఖరీదు. తగ్గించేది కొంచెమే అయినా అది పై నుంచి తగ్గుతుందన్న సంగతి బిల్లు వెనుక ఎప్పుడూ అచ్చయి ఉంటుంది, ఎప్పుడూ చదవలేదు.

మరునాటి రాత్రి పదకొండింటికి, నాన్న చేసినట్లే, ఇంట్లో ఫ్యాన్లు, దీపాలు, ఏసీ అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి, మావారిని పైన ఉంచి నేను సెల్లారులోకి దిగాను. చక్రం మీటర్లు పోయి చాలా కాలమైంది. ఇప్పటిది తెల్లటి పెట్టె, దానిలో ఒక ఎర్ర చుక్క మినుకుమంటుంది. 3,200 మినుకులకు ఒక యూనిట్ అని దాని మీద రాసి ఉంది. అన్నీ ఆపాము గనుక చుక్క వెలగకూడదు. ఫోను వెలుగులో నిలబడి చూస్తే, అది వెలిగింది. అర నిమిషం దాటాక మళ్ళీ వెలిగింది. అయిదు నిమిషాల్లో ఎనిమిదిసార్లు. లెక్క కడితే 30 వాట్లు. టీవీ, దాని సెట్‌టాప్ బాక్సు, రౌటరు, ఇన్వర్టరు, ఓవెన్ మీద మెరిసే గడియారం, గోడకు వేలాడే ఛార్జర్లు, ఇవన్నీ కలిసి రాత్రింబవళ్ళు కాల్చేది రెండు జీరో బల్బులంత. నెలకు 21 యూనిట్ల పైచిలుకు. మా చిన్నప్పటి ఇల్లు చలికాలంలో నెల మొత్తం బతికిన కరెంటు కన్నా అది ఎక్కువ. ఆ సెల్లారులో, పదకొండో మీటరు ముందు, నాకు కళ్ళు చెమర్చాయి.

ఆపైన నాలుగు రాత్రులు ఒక్కొక్క వస్తువునూ కొలిచాము. హాల్లో పాత ఫ్యాను నిమిషానికి నాలుగు మినుకులు, అంటే 75 వాట్లు. ఏసీ వేస్తే చుక్క సెకనుకు ఒకటికి మించి కొట్టుకుని, లెక్కపెట్టడమే కుదరలేదు. ఫ్రిజ్ విచిత్రంగా ప్రవర్తించింది. కాసేపు నడిచి ఆగాల్సింది ఆగనే లేదు. తలుపు సందులో పాత బిల్లు కాగితం పెట్టి మూసి లాగితే, పైన గట్టిగా పట్టుకుంది గానీ కింది మూలన వెన్నలోంచి తీసినట్లు జారి వచ్చేసింది. రబ్బరు పట్టీ అక్కడ ఎండి విచ్చుకుపోయింది. ఆ సందులోంచి వంటింటి వేడి లోపలికి పోతుంటే కంప్రెసరు పాపం విశ్రాంతి లేకుండా కొట్టుకుంటోంది. ఆ పట్టీ మార్చడానికి ఎనిమిది వందలు అయింది. ఎన్ని నెలలుగా ఆ మూల అలా ఉందో అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఎక్కువ సేపు తిరిగే రెండు పాత ఫ్యాన్లను తీసి, 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించాము. ఒక్కోదానికి మూడు వేలు. మా వాడకానికి ఆ డబ్బు మూడేళ్ళలోపే తిరిగి వచ్చింది. ఏసీని 20 నుంచి 26కు పెంచి, కొత్త ఫ్యానును నెమ్మదిగా తిప్పుకుంటున్నాము. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు చెప్పే మాట మా మీటరు మీద కూడా నిలబడింది. రౌటరు, ఇన్వర్టరు తప్ప మిగిలినవన్నీ పడుకునేముందు గోడ స్విచ్చి దగ్గరే ఆపేస్తున్నాము. 2023 మే నెలలో 296 యూనిట్లు వచ్చాయి. కరెంటు ఖర్చు 1,638 రూపాయలు, అంతకు ముందటి మే నెల కన్నా 988 తక్కువ. అయితే ఆ సరికి ట్రూఅప్ అని, ఇంధన సర్దుబాటు అని కొత్త పద్దులు బిల్లులో చేరి, మేము మిగిల్చినదాంట్లో కొంత పట్టుకుపోయాయి. ఎప్పుడో వాడి, డబ్బు కట్టేసిన కరెంటుకు ఇప్పుడు మళ్ళీ కట్టమనడం పింఛను మీద బతికేవాళ్ళకు ఎంత కష్టమో ఆ ఛార్జీలు నిర్ణయించేవాళ్ళు ఆలోచించాలి. మేము తగ్గించుకోకపోతే ఆ భారం ఇంకా ఎంత ఉండేదో కూడా ఆ పుస్తకమే చెబుతోంది.

వంటింట్లో నేను అమ్మ వరుసకు తిరిగి వచ్చాను. బియ్యం అరగంట, కందిపప్పు గంట ముందు నానుతున్నాయి. కుక్కర్లో అడుగున పప్పు, మీద అన్నం, ఆపైన కూరగాయ ముక్కలు ఒకే ఆవిరికి ఉడుకుతున్నాయి. కూత వచ్చాక మంట తగ్గించి, తరువాత కట్టేసి, మిగిలిన వేడికే వదిలేస్తున్నాను. కేలెండరు మీద సిలిండరు తేదీ చుట్టూ సున్నా చుడుతున్నాను. నలభై రోజులకు అయిపోయేది యాభై దాటుతోంది.

చెత్త విషయంలో మాత్రం అమ్మను అందుకోవడం నాకు చేతకాలేదు. 2021 అక్టోబరు నుంచి మా నగరంలో తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, హానికరమైనదానికి ఎరుపు అని మూడు డబ్బాలు వచ్చాయి. విడదీయడం నేర్చుకున్నాక చూస్తే, ముగ్గురం ఉన్న ఇంట్లో రోజుకు కిలోకు అటూ ఇటూగా తొక్కలే పోతున్నాయి. బాల్కనీలో చిల్లులు పొడిచిన రెండు బకెట్లు పెట్టి, అడుగున ఎండుటాకులు పరిచి, తొక్కలు ఒక పొర, ఆకులు ఒక పొర వేస్తూ, మీద పుల్లమజ్జిగ చల్లుతున్నాను. మొదటిసారి ఆకులు తక్కువై కంపు కొట్టి, పురుగులు పట్టి, కింది ఫ్లాటు వారు వచ్చి నొచ్చుకున్నారు. ఆకులు రెండింతలు చేశాక కంపు పోయింది. రెండు నెలలకు మొదటి బకెట్లో చెయ్యి పెడితే తొలకరి వానకు తడిసిన నేల వాసన వచ్చింది. అమ్మ మోచేతి దాకా కుడితిలో ముంచిన చెయ్యి గుర్తొచ్చి, ఆ మట్టిని కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. గేదె లేని ఇంట్లో నాకు దొరికిన గోలెం ఇదే.

ఊరి ఇంట్లో ఇప్పుడు మా మేనల్లుడు ఉంటున్నాడు. కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 60 వేల రూపాయల రాయితీతో డాబా మీద రెండు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించాడు. మొన్న కార్తీకంలో వెళ్ళినప్పుడు వసారాలోకి తీసుకెళ్ళి చూపించాడు. టేకు చెక్క ఇంకా అక్కడే ఉంది, పాత మీటరు మరలు దిగిన నాలుగు చిల్లులతో సహా. దాని పక్కన కొత్త మీటరు. 'చూడత్తా, ఇది మనం తీసుకున్నది, ఇది మనం వాళ్ళకు ఇచ్చింది' అని బొత్తం నొక్కుతూ రెండు అంకెలు చూపించాడు. ఎండ బాగా కాసిన రోజున ఎనిమిది యూనిట్ల దాకా వస్తోందట. పగలు ఇంట్లో అంత ఖర్చు ఉండదు గనుక మిగిలింది తీగల వెంట వీధిలోకి పోతోంది.

నేను సంచీలోంచి పుస్తకం తీశాను. అమ్మ చివరి వరుస కింద 2022 జూన్ నుంచి నా అంకెలు ఉన్నాయి, అవి మా ఫ్లాటువి. ఒక కొత్త పేజీ తిప్పి, పైన ఊరి పేరు రాసి, స్కేలు పెట్టి గళ్ళు గీశాను. నాన్న గీసిన అయిదు గళ్ళ పక్కన ఆరోదానికి చోటు చేసి, దాని తల మీద 'ఇచ్చినవి' అని రాశాను. మేనల్లుడు పీట వేసుకుని అంకెలు చదివాడు, నేను రాశాను. అంతకు ముందటి నెల కన్నా ఇచ్చినవి తగ్గాయి. ఎందుకు తగ్గాయని అడిగితే, నాలుగు రోజులు ముసురు పట్టిందని చెప్పాడు. కారణం గడిలో 'ముసురు' అని రాసి పుస్తకం మూశాను.